రోజూ జారిపోయే చిన్న ఖర్చు, రిటైర్మెంట్ నాటి సొమ్ము: లెక్క కట్టి మళ్లించడం ఎలా

రోజుకు 100 ఖర్చంటే ఏడాదికి 36,500. ఇంతవరకు ఎవరైనా నోటి లెక్కతో చెప్పేస్తారు. అదే 100ను 30 ఏళ్లపాటు పక్కన పెడుతూ పోతే, ధరల పెరుగుదల పోను ఏటా 4 శాతం మిగిలే చోట ఉంచితే, చివరికి చేతికొచ్చేది 20.47 లక్షలు. అదీ ఇవాళ్టి విలువలో. అందులో మీరు వేసింది 10.95 లక్షలు. మిగతా తొమ్మిదిన్నర లక్షలూ కాలం వేసినవి.

ఈ అంకె చూపించి ప్రతి చిన్న సంతోషాన్నీ మానేయమని చెప్పడం తేలిక. కానీ అలా బిగబట్టినవాళ్లు రెండు నెలలు ఆగుతారు, మూడో నెల అన్నీ కలిపి ఖర్చు పెడతారు. అసలు పని వేరే ఉంది. మళ్లీ మళ్లీ వచ్చే ఖర్చుల్లో మీకు నిజంగా అక్కర్లేనివి మూడో నాలుగో పట్టుకోవాలి. అలా మిగిలిన డబ్బును అదే నెలలో మీ చేతికి సులువుగా అందని చోటికి పంపాలి. రెండో పని జరగకపోతే మొదటిది చేసినా చేయనట్టే. చాలామంది పొదుపు ఇక్కడే చిల్లు కుండలో పోసిన నీళ్లవుతుంది.

కింద అంకెల పక్కన ఏ దేశపు నాణెం పేరూ రాయడం లేదు. మీరు రోజూ వాడే డబ్బు ఏదైతే అదే అనుకోండి. మొత్తాలు మారొచ్చు గానీ నిష్పత్తులు మారవు.

ముందు మీ గుణకం తెలుసుకోండి

దీనికి రెండే సంఖ్యలు కావాలి. ఒకటి, మీరు పని మానేయడానికి ఇంకా ఎన్నేళ్లుంది. రెండోది, ద్రవ్యోల్బణం పోను మీ డబ్బు ఏటా ఎంత పెరుగుతుందని అనుకోవచ్చు. ఉదాహరణకు రాబడి 7 శాతం ఉండి, ధరలు 3 శాతం పెరిగితే, నిజంగా మిగిలేది సుమారు 4 శాతం. ఇక్కడి లెక్కలన్నీ ఆ 4 శాతం మీదే వేశాం. మీ పెట్టుబడి బాగా జాగ్రత్త రకమైతే 2 శాతమో 3 శాతమో వేసుకోండి. 8, 10 శాతం నిజ రాబడి ఊహించుకుని మాత్రం లెక్క కట్టొద్దు. అంకె అందంగా కనిపిస్తుంది గానీ ముసలితనంలో దాన్ని పట్టుకుని బతకలేం.

నెలనెలా 1 చొప్పున పక్కన పెడితే 4 శాతం మీద 10 ఏళ్లకు 144 అవుతుంది. 20 ఏళ్లకు 357, 30 ఏళ్లకు 673, 40 ఏళ్లకు 1,140. ఇందులో మీకు వర్తించే ఒక్క సంఖ్యను, అంటే మీ గుణకాన్ని, కంఠస్థం చేయండి, చాలు. 30 ఏళ్ల గడువున్నవాళ్లు నెలకు 300 పడే ఏ ఖర్చునైనా చూసి 673తో హెచ్చవేస్తే 2,01,900 వస్తుంది. ఆ ఖర్చు అసలు ధర అది.

ఒక్కసారి చేసే ఖర్చుకు గుణకం వేరు, చాలా చిన్నది: 10 ఏళ్లకు 1.48, 20 ఏళ్లకు 2.19, 30 ఏళ్లకు 3.24. ఈ తేడా మనసుకు పట్టించుకోవడం ముఖ్యం. ఒక రోజు సంబరానికి 5,000 పెట్టారనుకోండి, 30 ఏళ్ల తర్వాతి లెక్కలో దాని ఖరీదు 16,217. నెలకు 300 చొప్పున ఎవరూ వాడని సబ్‌స్క్రిప్షన్ ఒకటి నడుస్తూ ఉంటే దాని ఖరీదు 2,01,900. మనం సంబరం గురించి వారం రోజులు బాధపడతాం, సబ్‌స్క్రిప్షన్ మాత్రం గుర్తుకే రాదు. కాబట్టి ఒక్కసారి ఖర్చుల మీద మీ ఓపిక వృథా చేసుకోకండి. తిరిగి తిరిగి వచ్చేదాని మీదే కన్నుంచండి.

వడ్డీ లెక్కను మనసులోనే వేయాలంటే 72 సూత్రం వాడండి. 72ను శాతంతో భాగిస్తే డబ్బు ఎన్నేళ్లలో రెట్టింపవుతుందో వస్తుంది. 4 శాతానికి 18 ఏళ్లు. ఇటలీకి చెందిన లూకా పాచోలీ 1494లో అచ్చయిన తన గణిత గ్రంథంలోనే ఈ సూత్రం రాశాడు. ఐదు శతాబ్దాలుగా లెక్క అదే, మనం వాడడమే తక్కువ.

ముప్పై రోజుల పద్దు

జేబులో పట్టే పుస్తకం గానీ ఫోన్లో నోట్స్ గానీ తీసుకోండి. ఖర్చు పెట్టిన నిమిషంలోనే రాయాలి, రాత్రికి కూర్చుని గుర్తు చేసుకుంటే చిన్నవన్నీ జారిపోతాయి. మనకు కావలసింది ఆ చిన్నవే. ఒక్కో పద్దులో నాలుగు విషయాలుంటే చాలు: ఎంత, దేనికి, ఏ వేళప్పుడు, అప్పుడు మీరెలా ఉన్నారు. చివరిది వింతగా అనిపిస్తుంది గానీ నెలాఖరున ఎక్కువ చెప్పేది అదే. "ఆకలి", "అలసట", "విసుగు", "స్నేహితులతో", "తొందర" అని ఒక్క మాట రాస్తే సరిపోతుంది.

ఈ 30 రోజులూ ఏదీ తగ్గించకండి. తగ్గిస్తే మీ అసలు అలవాటు కనిపించదు. రాస్తున్నామన్న స్పృహతోనే మనిషి కొంత బుద్ధిగా ఉంటాడు, అంకె తక్కువ వస్తుంది. అందుకే నెల చివర పద్దుల మొత్తాన్ని గడిచిన మూడు నెలల బ్యాంకు, కార్డు స్టేట్‌మెంట్లతో సరిచూడండి. ఆ 30 రోజుల్లో ఏటీఎంలో తీసిన నగదులోంచి మీరు రాసిన నగదు ఖర్చు తీసేయండి. మిగిలిన తేడాయే మీకు తెలియకుండా పోతున్న డబ్బు. ఏడాదికోసారి కోతపడే రుసుములు మూడు నెలల్లో కనపడవు కాబట్టి స్టేట్‌మెంటును ఒకసారి 12 నెలల వెనక్కి తిప్పండి. ఉచిత ట్రయల్ అని మొదలై ఏటా తనంతట తానే రెన్యువల్ అయ్యేవి అక్కడ బయటపడతాయి.

ఒక పద్దును దగ్గరగా చూద్దాం. రాత్రి పదిన్నరకు ఫోన్లో ఆర్డరు పెట్టారు. తెర మీద వస్తువు ధర 180 అని ఉంది. బిల్లు చివర 250 అయింది. మధ్యలో ప్యాకింగ్ 20, డెలివరీ 40, నిర్వహణ రుసుము 10 చేరాయి. పద్దులో చాలామంది "250, తిండి" అని రాసి ఊరుకుంటారు. అలా కాకుండా "180 తిండి, 70 సౌకర్యం, అలసట" అని రెండుగా విడదీసి రాయండి. వారానికి మూడుసార్లు ఇలా జరిగితే సౌకర్యానికే ఏడాదికి 10,920 పోతోంది. 30 ఏళ్ల లెక్కలో అది 6.12 లక్షలు. తిండి మానేయాల్సిన పనే లేదు. సాయంత్రం ఇంటికొచ్చే దారిలో అదే వస్తువు తెచ్చుకున్నా ఆ 70 మిగిలిపోతుంది. విడదీసి రాయకపోతే ఈ దారి కనిపించేది కాదు.

నెల పూర్తయ్యాక మళ్లీ వచ్చే ఖర్చులన్నిటినీ ఏడాది లెక్కలోకి మార్చండి. రోజూ అయితే 365తో, వారానికి ఐదు పనిదినాలైతే 260తో, వారానికోసారైతే 52తో, నెలకోసారైతే 12తో హెచ్చవేయాలి. పెద్దదాని నుంచి చిన్నదానికి వరుసగా రాయండి. వరుసలో రెండో మూడో స్థానంలో మీరు ఊహించనిది ఒకటి తప్పకుండా ఉంటుంది.

ఏది తగ్గించాలి, ఏది ముట్టుకోకూడదు

ప్రతి పద్దుకూ ఎదురుగా ఒకే ప్రశ్న వేసుకోండి: ఇది రేపటినుంచి లేకపోతే ఎన్ని రోజులకు నాకు గుర్తొస్తుంది? ఆ రోజే గుర్తొస్తే వదిలేయండి, అది మీ బతుకులో భాగం. స్నేహితులతో వారానికోసారి కూర్చునే గంట, పిల్లలతో చేసే చిన్న ఖర్చు, మీరు ప్రాణంగా చూసుకునే వ్యాపకం వీటి జోలికి పోకండి. వారం దాటినా గుర్తురానివే మనకు కావలసినవి. సాధారణంగా అవి నాలుగు రకాలుగా ఉంటాయి: వాడని సభ్యత్వాలు, సబ్‌స్క్రిప్షన్లు; తొందరకు, బద్ధకానికి కట్టే అదనపు రుసుములు; ఆలస్యానికి పడే జరిమానాలు, బ్యాంకు చార్జీలు; చేతికి అలవాటైపోయి రుచి కూడా తెలియకుండా కొనేవి.

మూడు, మహా అయితే నాలుగు ఎంచుకోండి. పది మీద ఒక్కసారే పడితే ఏదీ నిలవదు.

అలవాటైన కొనుగోళ్లను పూర్తిగా ఆపడం కంటే పలచబరచడం మేలు. పనిదినాల్లో రోజూ 40 పెట్టి చిరుతిండి కొంటున్నారనుకోండి. ఏడాదికి 10,400. దాన్ని ఐదు రోజుల నుంచి రెండు రోజులకు తగ్గిస్తే ఏడాదికి 6,240 మిగులుతుంది, 30 ఏళ్లకు దాదాపు మూడున్నర లక్షలు. పైగా మిగిలిన ఆ రెండు రోజులు దాని రుచి తెలుస్తుంది. సబ్‌స్క్రిప్షన్లయితే పలచబరచడం కుదరదు, రద్దు చేయడమే. రద్దు చేసేటప్పుడు యాప్ ఫోన్లోంచి తీసేసి ఊరుకోకండి, అలా చేస్తే డబ్బు కోత ఆగదు. ఖాతా సెట్టింగుల్లోకి వెళ్లి రద్దు చేయాలి, ధ్రువీకరణ మెయిల్ వచ్చిందో లేదో చూడాలి, వచ్చే నెల స్టేట్‌మెంటులో ఆ పద్దు లేదని రూఢి చేసుకోవాలి. బ్యాంకు వైపు ఇచ్చిన ఆటో డెబిట్ అనుమతిని కూడా తీసేస్తే ఇక బెంగ ఉండదు.

ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. ఇల్లు, వాహనం, అప్పుల వడ్డీ ఈ మూడింటిలో చేసిన ఒక్క పెద్ద నిర్ణయం పదేళ్ల చిల్లర పొదుపును మింగేయగలదు. స్తోమతకు మించిన వాహనానికి నెలనెలా వాయిదా కడుతూ చిరుతిండి దగ్గర పీనాసితనం చేస్తే అర్థం లేదు. వాహనం మార్చే గడువును ఐదేళ్ల నుంచి ఎనిమిదేళ్లకు జరపగలిగితే అది చేయండి, ఆ తర్వాత పద్దుల పుస్తకం తెరవండి. అయితే ఇల్లూ వాహనం నిర్ణయాలు పదేళ్లకోసారి వస్తాయి. చిన్న ఖర్చు నిర్ణయం మీ ముందుకు రోజూ వస్తుంది. అందుకే దాని మీద ఇంత వివరంగా రాయాల్సి వస్తోంది.

మిగిలిన డబ్బును కదిలించండి

ఖర్చు తగ్గడం పొదుపు కాదు. తగ్గిన డబ్బు జీతం ఖాతాలోనే పడి ఉంటే అది మిగులులా కనిపిస్తుంది. మిగులులా కనిపించిన డబ్బు నెల తిరిగేలోపు ఇంకో రూపంలో వెళ్లిపోతుంది. దీన్ని ఆపడానికి మనోబలం మీద ఆధారపడొద్దు, ఏర్పాటు మీద ఆధారపడండి.

ఎంచుకున్న మూడు నాలుగు పద్దుల ఏడాది మొత్తాన్ని కలిపి 12తో భాగించండి. పై ఉదాహరణల్లో చిరుతిండి 6,240, సౌకర్యపు రుసుములు 10,920, వాడని సబ్‌స్క్రిప్షన్ 3,600. మొత్తం 20,760, అంటే నెలకు 1,730. జీతం పడిన మర్నాడే ఈ 1,730 రిటైర్మెంట్ ఖాతాకు తనంతట తానే వెళ్లేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇవ్వండి. నెలాఖరున ఎంత మిగిలితే అంత పంపుదామనుకుంటే ఏ నెలా మిగలదు. నెల మొదట్లోనే వెళ్లిపోతే మిగిలినదాంట్లో సర్దుకోవడం మనిషికి సహజంగా వస్తుంది.

మొదటి రెండు నెలలు 1,730 పూర్తిగా పెట్టకుండా 1,200తో మొదలుపెట్టినా తప్పులేదు. ఖాతాలో డబ్బు చాలక ఒక్కసారి బదిలీ తిరిగొస్తే బ్యాంకు జరిమానా పడుతుంది, దాంతో మీకూ మనసు విరుగుతుంది. మూడో నెలలో పూర్తి మొత్తానికి పెంచండి.

నెలకు 1,730 అంటే 30 ఏళ్లకు 11.64 లక్షలు. ఈ సంఖ్యను ఆ ఖాతా పేరు పక్కన రాసిపెట్టుకోండి. చిరుతిండి మానినప్పుడు కళ్లముందు ఏమీ కనిపించదు, ఈ అంకె ఒక్కటే కనిపిస్తుంది.

ఏ వరుసలో పంపాలి

వడ్డీ ఎక్కువున్న అప్పు ఉంటే ముందు అదే. క్రెడిట్ కార్డు బకాయి మీద ఏడాదికి 24 శాతం వడ్డీ పడుతోందనుకోండి, 72 సూత్రం ప్రకారం కట్టకుండా వదిలేసిన అప్పు మూడేళ్లలో రెట్టింపు. ఒక చేత్తో 7 శాతం సంపాదిస్తూ ఇంకో చేత్తో 24 శాతం కట్టడం నష్టమే. కనీస బకాయి మాత్రమే కట్టుకుంటూ పొదుపు చేస్తున్నామని తృప్తి పడేవాళ్లు ఈ ఒక్క సంఖ్య చూసుకోవాలి.

ఒక మినహాయింపు ఉంది. మీరు వేసినదానికి సమంగానో సగంగానో యజమాని కూడా వేసే రిటైర్మెంట్ పథకం మీ ఉద్యోగంలో ఉంటే, ఆ పూర్తి వాటా దొరికేంతవరకు మీ వంతు తప్పకుండా వేయండి. వేసిన రోజే 50 శాతమో 100 శాతమో కలిసొచ్చేది ఇంకెక్కడా దొరకదు.

తర్వాత అత్యవసర నిధి. మూడు నుంచి ఆరు నెలల ఇంటి ఖర్చు, ఎప్పుడంటే అప్పుడు తీసుకోగల చోట ఉండాలి. ఇది లేకపోతే ఆసుపత్రి బిల్లో ఉద్యోగం పోవడమో జరిగిన రోజు రిటైర్మెంట్ డబ్బునే పగలగొడతారు. అప్పుడు పోయేది తీసిన మొత్తం ఒక్కటే కాదు, దాని మీద పెరగాల్సినదంతా పోతుంది. 20 ఏళ్ల ముందు తీసిన ఒక లక్ష చివర్లో 2.19 లక్షల లోటుగా తేలుతుంది.

ఈ రెండూ అయ్యాక దీర్ఘకాల పెట్టుబడి. ఎందులో పెట్టాలన్నది మీ వయసును బట్టి, మీ దేశపు పన్ను నియమాలను బట్టి ఉంటుంది. ఎక్కడైనా ఒకేలా పనిచేసేది మాత్రం ఒకటుంది, అదే నిర్వహణ రుసుము. ఏడాదికి 1 శాతమే కదా అనిపిస్తుంది. నిజ రాబడి 4 నుంచి 3కు పడితే 30 ఏళ్ల చివర 20.47 లక్షలు కాస్తా 17.36 లక్షలవుతాయి. అంటే మీరు రోజూ కష్టపడి ఆపిన ప్రతి 100లో 15 రుసుము కింద పోయినట్టు. కాబట్టి ఫండ్ పత్రంలో వార్షిక ఖర్చు నిష్పత్తి ఎంతో ముందు చూడండి. అమెరికాలో జాన్ బోగుల్ స్థాపించిన వాన్‌గార్డ్ సంస్థ 1976లో మామూలు మదుపరుల కోసం ఇండెక్స్ ఫండ్‌ను, అంటే మార్కెట్ సూచీలో ఉన్న షేర్లనే కొని ఉంచుకునే ఫండ్‌ను, తెచ్చింది ఈ ఖర్చును తగ్గించడానికే. రకం ఒకటే అయిన రెండు ఫండ్లలో తక్కువ రుసుమున్నదాన్ని ఎంచుకోవడం, పద్దుల పుస్తకంలో నెల రోజులు చేసిన పనికి సమానం. పది నిమిషాల్లో అయిపోతుంది.

మీ ఖర్చుకు రెండో కొస

చిన్న ఖర్చు గురించి చెప్పేవాళ్లు సాధారణంగా మొదటి కొసనే చూపిస్తారు: ఆపితే ఎంత పోగవుతుంది అని. రెండో కొస అంతకంటే పనికొస్తుంది. ఖర్చు శాశ్వతంగా తగ్గితే, రిటైర్మెంట్ తర్వాత బతకడానికి మీకు కావలసిన మొత్తమే తగ్గుతుంది.

1994లో అమెరికాకు చెందిన ఆర్థిక సలహాదారు విలియం బెంగెన్, 1926 నుంచి ఉన్న అమెరికా షేర్లు, బాండ్ల రాబడులు తీసుకుని ఒక లెక్క వేశాడు. మొదటి ఏడాది నిధిలో 4 శాతం తీసుకుని, ఆపై ఏటా ద్రవ్యోల్బణం మేరకు పెంచుకుంటూ పోయినా 30 ఏళ్లు డబ్బు నిలిచిందని తేల్చాడు. దాన్ని తిరగేస్తే ఏడాది ఖర్చుకు 25 రెట్ల నిధి, అంటే నెల ఖర్చుకు 300 రెట్లు కావాలన్నమాట. ఇది ఒక దేశపు చరిత్ర మీద వేసిన లెక్క. ముప్పై ఏళ్ల కంటే ఎక్కువ కాలం నడపాల్సినవాళ్లు 30 రెట్లు పెట్టుకోవడం క్షేమం. మనం ఇక్కడ 25తోనే చూద్దాం.

నెలకు 500 పడే కొత్త ఖర్చు ఒకటి ఇవాళ జీవితంలోకి వచ్చి, ముసలితనంలోనూ కొనసాగుతుందనుకోండి. దాని కోసం అదనంగా కావలసిన నిధి 500 × 300, అంటే లక్షన్నర. 30 ఏళ్లలో పోగుకాకుండా పోయింది 500 × 673, అంటే 3.36 లక్షలు. రెండూ కలిపితే 4.86 లక్షల దూరం. ఇటు పోగయ్యేది తగ్గుతుంది, అటు చేరాల్సిన గమ్యం ఇంకాస్త ముందుకు జరుగుతుంది.

ఇందులో వయసు మీద పడినవాళ్లకు మంచి కబురుంది. గడువు 10 ఏళ్లే ఉంటే రోజుకు 100 ఆపినా పోగయ్యేది 4.38 లక్షలే, చక్రవడ్డీకి సమయం చాలదు. కానీ లక్ష్యం వైపు తగ్గేది 36,500 × 25, అంటే 9.12 లక్షలు. ఈ రెండు లాభాలూ సమానమయ్యేది సుమారు 18 ఏళ్ల గడువు దగ్గర. అంతకంటే ఎక్కువ సమయమున్నవాళ్లకు పోగయ్యేది ముఖ్యం, తక్కువ ఉన్నవాళ్లకు లక్ష్యం తగ్గడం ముఖ్యం. యాభై దాటాక ఇక లాభమేముందిలే అని వదిలేయడం అందుకే పొరపాటు.

ఒక జాగ్రత్త. రిటైరయ్యాక ఎలాగూ ఆగిపోయే ఖర్చులు ఈ రెండో లెక్కలోకి రావు. ఉద్యోగానికి వెళ్లిరావడానికయ్యే ఖర్చు, పనివేళల్లో బయట కొనుక్కునేవి అలాంటివి. వాటికి మొదటి గుణకం మాత్రమే వేయండి. ఫోను, సబ్‌స్క్రిప్షన్లు, ఇంటికి తెప్పించుకునే అలవాటు ఇలాంటివైతే రెండూ వేయాలి, ఎందుకంటే తీరిక పెరిగితే అవి పెరుగుతాయే గానీ తగ్గవు.

మొత్తంగా చూడాలంటే, వేరే పెన్షనేదీ లేదనుకుని, జీతంలో 10 శాతం పొదుపు చేస్తూ మిగతా 90 మీద బతికే మనిషికి ఆ బతుకును కొనసాగించే నిధి చేరడానికి సున్నా నుంచి దాదాపు 59 ఏళ్లు పడుతుంది. 15 శాతమైతే 48 ఏళ్లు. 20 శాతమైతే 41. పదినుంచి పదిహేనుకు వెళ్లిన ఆ 5 శాతం పదేళ్ల పనిని తగ్గించింది. చాలామంది పద్దుల పుస్తకంలో మూడు నాలుగు చిన్న ఖర్చుల విలువ ఇంచుమించు ఆ 5 శాతమే ఉంటుంది. మీది ఎంతో లెక్కేసి చూడండి.

ఏటా పెంచకపోతే లెక్క తప్పుతుంది

పై గుణకాలన్నీ ఇవాళ్టి విలువలో చెప్పినవి. అంటే మీరు పంపే మొత్తం ద్రవ్యోల్బణంతో పాటు ఏటా పెరుగుతుందన్న షరతు వాటిలో దాగి ఉంది. ఇది మర్చిపోయి 30 ఏళ్లూ అదే 100 పంపితే, రాబడి 7 శాతం, ధరల పెరుగుదల 3 శాతం చొప్పున కాగితం మీద 34.48 లక్షలు కనిపిస్తాయి. ఇవాళ్టి విలువలో అది 14.2 లక్షలే. ఆరు లక్షలకు పైగా ఎవరూ దొంగిలించకుండానే మాయమైనట్టు. ఈ ఒక్క తప్పు వల్ల నష్టపోయేవాళ్లు అన్ని తప్పులవాళ్లకంటే ఎక్కువని మా అభిప్రాయం.

మందు సులువైనదే. జీతం పెరిగే నెలలో బదిలీ మొత్తం పెంచండి. పెరిగిన జీతం మొదటిసారి ఖాతాలో పడకముందే ఆ మార్పు చేసేయాలి, ఎందుకంటే ఒకసారి చేతిలోకొచ్చిన పెంపును వెనక్కి ఇవ్వడం మనసుకు నష్టంలా తోస్తుంది. ఆర్థికవేత్తలు రిచర్డ్ థేలర్, ష్లోమో బెనార్జీ ఈ స్వభావం మీదే ఒక పద్ధతి రూపొందించారు. ఇప్పుడు కాదు, వచ్చే పెంపు నుంచి ఎక్కువ పొదుపు చేస్తానని ఉద్యోగులు ముందే మాటిస్తారు. 1998లో ఒక తయారీ సంస్థలో దీన్ని మొదలుపెడితే, చేరినవాళ్ల సగటు పొదుపు 40 నెలల్లో జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి చేరింది. ఇంట్లో మీరు చేయాల్సింది అదే: ప్రతి పెంపులో సగం రిటైర్మెంట్ ఖాతాకు, సగం మీ ఇష్టానికి. ఇష్టానికి వదిలిన సగం గురించి లెక్క అడక్కండి.

ఎక్కడ జారిపోతారు

"ఇవాళ చిరుతిండి మానాను కదా" అని సాయంత్రం దానికి పదింతలు కొనడం మొదటిది. ఇది దాదాపు అందరికీ జరుగుతుంది. ఆపిన ఖర్చును మనసు ఖాతాలో జమగా రాసుకుంటుంది, ఆ జమ మీద అప్పు తీసుకుంటుంది. బదిలీ ముందే వెళ్లిపోతే ఈ జమకు విలువ ఉండదు, అందుకే జీతం మర్నాడే పంపమన్నది.

తగ్గింపు ధరకు కొన్నదాన్ని పొదుపని పిలవడం ఇంకొకటి. 1,000 వస్తువును 600కు కొంటే మీరు ఖర్చు పెట్టింది 600. మిగిలిందనుకునే 400 ఆ రోజే రిటైర్మెంట్ ఖాతాకు వెళ్తే దాన్ని పొదుపనండి.

ఇంట్లో ఒక్కరే లెక్క రాయడం వల్ల గొడవలొస్తాయి. రాసేవాళ్లు కాపలాదారులవుతారు, రెండోవాళ్లు దాచడం మొదలుపెడతారు. ఇద్దరికీ నెలకు కొంత చొప్పున లెక్క చెప్పనక్కర్లేని డబ్బు విడిగా పెట్టుకుని, మిగతా పద్దు కలిసి చూసుకోండి. ఏ ఖర్చు తగ్గించాలో ఎవరిది వాళ్లే చెప్పాలి. ఒకరి అలవాటును ఇంకొకరు ఎంచితే పట్టుమని పది రోజులు నిలవదు.

పెట్టుబడి విలువ పడిన నెలలో బదిలీ ఆపేయడం కూడా తరచూ జరిగేదే. గడువు 20, 30 ఏళ్లున్నప్పుడు ధర పడిన నెలలో అదే డబ్బుకు ఎక్కువ యూనిట్లు వస్తాయి. ఖాతాను రోజూ తెరిచి చూసే అలవాటుంటే మానండి.

ఏడాదికోసారి ఒక పూట

తేదీ ముందే పెట్టుకోండి, జీతం పెరిగే నెలైతే మంచిది. ఆ పూట 12 నెలల స్టేట్‌మెంటు తిప్పి, కొత్తగా చేరిన ఆటో డెబిట్లు వెతకండి. ఏడాదికి రెండో మూడో చేరుతూనే ఉంటాయి. ఒక వారం పాటు పద్దు రాయండి, మళ్లీ 30 రోజులు అక్కర్లేదు. గత ఏడాది తగ్గించిన ఖర్చుల్లో ఏది తిరిగొచ్చిందో చూడండి. తిరిగొచ్చినదాన్ని మళ్లీ బలవంతంగా ఆపకుండా, అది మీకు నిజంగా కావలసినదేమో ఆలోచించండి. కావాలంటే ఉంచుకుని దాని బదులు ఇంకోటి ఎంచుకోండి. బదిలీ మొత్తం కనీసం ద్రవ్యోల్బణమంత పెంచండి. గడువు ఒక ఏడాది తగ్గింది కాబట్టి గుణకమూ మారుతుంది: 30 ఏళ్లకు 673 అయితే 29 ఏళ్లకు 636. కొత్త గుణకాన్ని పద్దుల పుస్తకం మొదటి పేజీలో పాతదాని కింద రాసుకోండి.